కోడు చెప్పేది సగం మాటే

చలి బాగా ఉంది, ఇలా మంట దగ్గరికి జరగండి. చిన్నోడు అడిగింది మంచి మాటే. స్కానర్లు లేని రోజుల్లో బండికి ఏం రోగమో ఎలా పట్టుకునేవాళ్లు తాతయ్యా అని. పట్టుకునేవాళ్లం నాయనా. ఎలాగో చెప్పాలంటే డెబ్బైల నాటి బెజవాడ ఆటోనగర్ నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు పెట్రోలు కారంటే అంబాసిడరో ఫియటో. స్టాండర్డ్ హెరాల్డ్ అక్కడొకటి ఇక్కడొకటి కనిపించేది. అంబాసిడర్ని హిందూస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో కట్టేవాళ్లు. దానికి మూలం ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. పెట్రోలు ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, నిప్పు పడే వరుస 1-3-4-2. ఆ వరుస నిద్రలో లేపి అడిగినా చెప్పాల్సిందే, లేకపోతే మా మేస్త్రి డెల్కో మూత ముట్టుకోనిచ్చేవాడు కాదు. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటరు. షెడ్డులో దాన్ని ఇంకో పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు.

బండి రాగానే మేం కుర్రాళ్లం బానెట్ మీద పడబోయేవాళ్లం. మేస్త్రి ఆపేవాడు. డ్రైవర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, అడగడం మొదలుపెట్టేవాడు. చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగు వస్తోందా, సమంగా పోయేటప్పుడా? కాలు నొక్కగానే తడబడి తర్వాత సర్దుకుంటుందా, నొక్కేకొద్దీ చచ్చుబడుతుందా? వానలో తడిసిందా? పెట్రోలు ఎక్కడ పోయించావు? అన్నిటికన్నా ఆఖర్న, గొంతు తగ్గించి, ఇంతకు ముందు దీని మీద ఎవరు చెయ్యి పెట్టారు అనేవాడు. ఆ ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే చాలాసార్లు రోగం దొరికేది. నిన్నటిదాకా బాగున్న బండి ఇవాళ పాడైందంటే, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఎవరు ఏం కదిపారో ముందు చూడాలి కదా.

ఆ తర్వాత ప్లగ్గులు. విప్పి గుడ్డ మీద పేర్చేవాళ్లం, ఏ సిలిండరుది ఆ వరుసలోనే. బిస్కెట్ రంగులో ఉంటే సుఖంగా కాలుతోందని. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని. తడిగా, జిడ్డుగా నల్లబడితే ఇంజనాయిలు పైకి వస్తోందని, అంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయని. కొస తెల్లగా మాడితే పెట్రోలు చాలట్లేదు, లేదా టైమింగ్ ముందుకు జరిగింది. నాలుగిట్లో మూడు ఒక రంగు, ఒకటి వేరే రంగు ఉంటే గొడవ ఆ ఒక్క సిలిండరుది. నాలుగూ ఒకే తీరుగా చెడితే గొడవ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, కార్బురేటర్లోనో కాయిల్లోనో. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి స్కానరు బండికి కూడా ఇదే లెక్క.

పాయింట్ల గ్యాపు పదిహేను థౌ, అంటే 0.4 మిల్లీమీటరు. ప్లగ్గుల గ్యాపు ఇరవై అయిదు థౌ. టైమింగు చెవితోనే. టాప్ గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి కాలు గట్టిగా నొక్కితే, సన్నగా రెండు మూడు టక్కులు వినిపించి వెంటనే ఆగాలి. అసలు వినపడకపోతే టైమింగు వెనకబడింది, పికప్ ఉండదు. ఆగకుండా కొడుతుంటే ముందుకెళ్లింది, పిస్టన్ల ప్రాణం తీస్తుంది. పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందన్న అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసేవాళ్లం. మంచి పెట్రోలైతే మరక మిగలకుండా ఆరిపోతుంది.

ఇదిగో, చిన్నోడు ఒక్కసారే బోలెడు పుల్లలు కుక్కాడు, చూడండి పొగ ఎలా కమ్ముకుందో. గాలి ఆడట్లేదు. అవే పుల్లల్ని దూరం దూరంగా పెట్టి విసిరామనుకోండి, ఒకదాని నిప్పు ఒకదానికి అందక ఆరిపోతుంది. ఇంజను లోపల జరిగేదీ ఇదే. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే పద్నాలుగు కిలోల ఏడు వందల గ్రాముల గాలి కావాలి. గాలి అంతకన్నా తగ్గితే రిచ్, నల్లపొగ, మైలేజీ పడిపోతుంది. పెరిగితే లీన్, జెర్కులు, మిస్సింగు, ఎత్తులో పుల్లింగు ఉండదు. కార్బురేటరు చేసినా కంప్యూటరు చేసినా పని ఈ తూకం నిలబెట్టడమే. మీరు స్కానర్లో చూసే కోడుల్లో సగానికి సగం ఈ తూకం చుట్టూ తిరిగేవే.

ఎండాకాలం వచ్చిందంటే మాకు ఇంకో రకం కేసులు. బండి చల్లగా ఉన్నంతసేపూ బాగుంటుంది. ఏ ఏలూరు రోడ్డులోనో మధ్యాహ్నం పూట ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ స్టార్టవుతుంది. అప్పట్లో ప్రతి డ్రైవరు దగ్గరా దానికో వైద్యం ఉండేది, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వెయ్యడం. పంపు ఇంజను పక్కనే ఉండి వేడికి లోపలి పెట్రోలు ఆవిరైపోయేది, ఎయిర్ లాక్ అనేవాళ్లం. గుడ్డ వేసి, బీడీ కాల్చుకుని, సెల్ఫ్ కొడితే అందుకునేది. అందుకుంది కాబట్టి పంపుదే తప్పని అందరూ అనుకునేవాళ్లు.

మా మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు. ఆ అరగంటలో చల్లబడింది పంపు ఒక్కటేనా? కాయిలు చల్లబడలేదా, కండెన్సరు చల్లబడలేదా? అందుకని ఆగిన చోట ఆగినట్టే, గుడ్డ తడపక ముందే, ఒక ప్లగ్గు లీడు విప్పి కరెంటు వస్తోందా లేదా చూడమనేవాడు. కరెంటు ఉంటే పెట్రోలు దారి వెతకాలి, లేకపోతే కాయిలు, కండెన్సరు, పాయింట్లు చూడాలి. రోగం ఉన్నప్పుడే చూడాలి, తగ్గాక ఏం చూసినా అన్నీ బాగానే కనిపిస్తాయి. అంత చిన్న మాట పాటించనందుకు ఎంతమంది కొత్త పంపులు కొన్నారో.

చాలా ఏళ్ల తర్వాత ఇంజెక్షన్ కారు ఒకటి సరిగ్గా ఇదే ఫిర్యాదుతో మా షెడ్డుకి వచ్చింది. వేడెక్కితే ఆగుతుంది, చల్లబడితే స్టార్టవుతుంది. మీటర్లో లైటు లేదు, స్కానర్లో కోడు లేదు. అంతకుముందే ఎవరో ట్యాంకులో పంపు మార్చేశారు. నేను బండి నడుపుకుంటూ వెళ్లి, అది ఆగేదాకా తిప్పి, ఆగిన చోటే స్కానరు పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూశాను. ఇంజను గిర్రున తిరుగుతోంది, స్కానరు మాత్రం సున్నా చూపిస్తోంది. అంటే ఇంజను తిరుగుతోందన్న సంగతే కంప్యూటరుకి తెలియట్లేదు. తెలియనప్పుడు నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. క్రాంక్ సెన్సారు లోపలి చుట్ట వేడికి తెగిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తోంది. కొన్ని బండ్లలో ఇదే రోగానికి పీ0335 అనే కోడు పడుతుంది, కొన్నిట్లో ఎన్నిసార్లు ఆగినా పడదు. కోడు పడలేదు కాబట్టి సెన్సారు బాగుందనుకోవడం ఎంత తప్పో నాకు ఆ బండి దగ్గర బాగా తెలిసింది.

మధ్యలో కథ ముందుకు దూకింది, వెనక్కి వద్దాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆటోనగర్ అంతా వింతగా చూసింది గానీ భయపడలేదు, ఎందుకంటే దానికీ కార్బురేటరే. భయం వచ్చింది తొంభైల చివర్లో. అప్పటిదాకా పెట్రోల్లో సీసం కలిపేవాళ్లు, ఇంజను కొట్టుకోకుండా. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది, 2000కల్లా దేశమంతా అదే అయింది. సీసం పోవడం మనుషుల ఊపిరికి ఎంత మేలో చెప్పలేను. బండ్ల విషయానికొస్తే, సైలెన్సర్లో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సారు సీసం తగిలితే చచ్చిపోతాయి. సీసం పోతేనే అవి బతుకుతాయి. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కలకి బండి పొగ మీద పెట్టే యూరో ప్రమాణాలు ముందుకు జరిపింది, 2000లో దేశమంతా మొదటి మెట్టు వచ్చింది, 2005లో మూడో మెట్టు వచ్చిన నగరాల్లో మన హైదరాబాదూ ఉంది. ఆ ప్రమాణాలు అడిగేంత కచ్చితమైన తూకం కార్బురేటరు వల్ల కాదు. అలా ఇంజెక్షన్ వచ్చింది, దాని వెంట కంప్యూటరూ వచ్చింది.

ఎంతమంది మంచి మెకానిక్కులు ఆ రోజుల్లో "కంప్యూటర్ బండి మేం చూడం" అని బానెట్ మూసేశారో! నాకు ఇప్పటికీ బాధే. చెవితో వాల్వు చప్పుడు పట్టుకోగలిగినవాళ్లు, వేలితో గ్యాపు చెప్పగలిగినవాళ్లు, వైర్లు చూసి భయపడి డీజిల్ బండ్ల వైపు వెళ్లిపోయారు. ఇంజను మారలేదు నాయనా. అదే పిస్టను, అదే వాల్వు, అదే నిప్పు. తూకం వేసేవాడు మారాడు, అంతే.

తొలినాటి సుజుకి ఇంజెక్షన్ బండ్లకి స్కానరు కూడా అక్కర్లేకపోయేది. ఒక కనెక్టర్లో రెండు పిన్నుల్ని చిన్న వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే, ఇంజను లైటు మిణుకుమిణుకుమంటూ అంకెలు చెప్పేది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులు, అంటే 12. అంతా బాగుందని. 13 అయితే ఆక్సిజన్ సెన్సారు, 14, 15 నీళ్ల వేడి కొలిచే సెన్సారు, 21, 22 థ్రాటిల్ సెన్సారు. షెడ్డులో కుర్రాళ్లంతా చుట్టూ చేరి గుసగుసగా లెక్కపెట్టేవాళ్లు. తర్వాత ప్రపంచమంతా ఒకే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేశారు, డ్యాష్‌బోర్డు కింద పదహారు పిన్నుల సాకెట్టు, అందరికీ ఒకే కోడు భాష. మన దగ్గర బీఎస్-4 పొగ ప్రమాణాలతో పాటు 2010లో ఈ పద్ధతి మొదటి దశ, 2013లో రెండో దశ వచ్చాయి.

ఆ భాష మీకూ నేర్పుతాను, కష్టమేం కాదు. మొదటి అక్షరం పీ అంటే ఇంజను, గేరుబాక్సు సంగతి. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకీ ఉమ్మడి కోడు, 1 అయితే కంపెనీ సొంతంగా పెట్టుకున్నది. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలీ పెట్రోలూ, 3 అయితే నిప్పు, 4 అయితే పొగ శుద్ధి చేసే సామాను, 5 అయితే ఐడ్లింగు, స్పీడు. పీ0301 అంటే ఒకటో సిలిండర్లో మిస్సింగు, పీ0303 అంటే మూడోది, పీ0300 అంటే ఒకచోట అని కాక అటూ ఇటూ. పీ0171 అంటే తూకం లీన్ అయింది, సరిచెయ్యడానికి నా చేతనైనంత చేశాను, ఇక నా వల్ల కాదు అని.

ఏ కోడూ "ఫలానా సామాను మార్చు" అని చెప్పదు. ఫలానా పరీక్ష తప్పింది అని మాత్రమే చెబుతుంది. ఎందుకు తప్పిందో మనం వెతకాలి.

ఒక స్కూలు మాస్టారి కారు చెబుతాను. పాత బండి, కానీ ఆయన దాన్ని ప్రాణంగా చూసుకునేవారు. కదిలేటప్పుడు జెర్కులు, ఇంజను లైటు, పీ0171. ఒక షెడ్డులో ఆక్సిజన్ సెన్సారు మార్చారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వచ్చింది. ఇంకోచోట గాలి కొలిచే సెన్సారు మార్చారు. మళ్లీ అదే. జీతం రాళ్లు అలా రెండు సెన్సార్లకి పోశాక ఎవరో చెప్తే నా దగ్గరికి వచ్చారు. ఆక్సిజన్ సెన్సారు పాపం నిజమే చెబుతోంది, లీన్‌గా ఉందని. చాడీ చెప్పినవాణ్ణి మారిస్తే జరిగింది మారుతుందా?

నేను కోడు చెరపలేదు. చెరిపితే దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. కోడు పడిన క్షణంలో బండి ఎలా ఉందో కంప్యూటరు రాసి పెట్టుకునే చీటీ అది. మా మేస్త్రి డ్రైవర్ని బెంచీ మీద కూర్చోబెట్టి అడిగినవన్నీ అందులో ఉంటాయి. ఇంజను వేడెక్కి ఉంది. స్పీడు చాలా తక్కువ, ఆర్‌పీఎం పద్నాలుగు వందల దగ్గర, పెట్రోలు పాతిక శాతం దాకా అదనంగా కలుపుతోంది. అంటే నిలబడి ఉన్నప్పుడు కాదు, హైవే మీదా కాదు, క్లచ్చి వదిలి బండి కదిలే ఆ కాసేపట్లోనే. షెడ్డులో నిలబెట్టి ఐడ్లింగులో చూస్తే తూకం చక్కగా ఉంది, రేజ్ చేసి చూసినా చక్కగానే ఉంది. అందుకే అంతకు ముందు చూసినవాళ్లకి ఏమీ దొరకలేదు.

మాస్టార్ని కూర్చోబెట్టి హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, క్లచ్చి కొద్దిగా, కొద్దిగానే వదలమన్నాను. నేను పక్కకి నిలబడి చూస్తున్నాను, బండి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. ఇంజను అంత ఎత్తున లేచింది. ఒక మౌంటింగు రబ్బరు తెగిపోయి ఉంది. ఇంజను లేచినప్పుడల్లా గాలి సెన్సారుకీ థ్రాటిల్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం సాగి, దాని మడతలో దాక్కున్న పగులు నోరు తెరుస్తోంది. ఆ పగుల్లోంచి దూరే గాలి సెన్సారు లెక్కలోకి రాదు. అందుకే లీన్. ఇంజను కిందికి దిగగానే పగులు మూసుకుపోతుంది. గొట్టం మార్చాం, మౌంటింగు మార్చాం. గొట్టం ఒక్కటే మార్చి పంపితే ఇంజను దాన్ని కూడా చింపేసేది. మాస్టారు పాత గొట్టం ఇంటికి పట్టుకెళ్లారు, సైన్సు క్లాసులో పిల్లలకి చూపిస్తానని.

లీన్ కోడుకి ఇంకో చక్కటి చూపు ఉంది. ఐడ్లింగులో పెట్రోలు బాగా ఎక్కువ కలుపుతూ, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర మామూలైపోతే, ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఆ చిల్లు గాలి ఐడ్లింగులో పెద్ద వాటా, స్పీడులో చిన్న వాటా. దానికి తలకిందులుగా, ఐడ్లింగులో బాగుండి లోడు పెరిగేకొద్దీ ఎక్కువ కలుపుతుంటే, పెట్రోలే చాలట్లేదు. ఫిల్టరు మూసుకుపోయిందో, పంపు నీరసించిందో. ప్రెషరు గేజి పెట్టి చూడాలి, చాలా పాత ఇంజెక్షన్ బండ్లకి మూడు బార్‌ల అటూ ఇటూ ఉంటుంది. అయితే మన దగ్గర చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా కొలిచే సెన్సారు ఉండదు, మానిఫోల్డులో ప్రెషరు చూసి లెక్కగట్టే ఎంఏపీ సెన్సారు ఉంటుంది. వాటిలో దొంగగాలి దూరితే ఆ గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, కాబట్టి లీన్ కోడు బదులు ఐడ్లింగు పెరగడం, హంటింగు రావడం, అంటే ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఉండటం ఎక్కువ. బండి ఏ పద్ధతిదో తెలుసుకోకుండా ఇంకో బండి అనుభవం దీనికి అంటించకూడదు.

మిస్సింగు కోడుకి సామాను కొనక ముందు చెయ్యాల్సిన పని చేతులతోనే అయిపోతుంది. ఒక్కో ప్లగ్గుకి ఒక్కో కాయిలు ఉండే బండిలో పీ0303 పడితే, మూడో కాయిల్ని ఒకటో దానికీ ఒకటోదాన్ని మూడోదానికీ మార్చి తిప్పు. కోడు పీ0301గా మారితే కాయిలే దొంగ. మూడులోనే ఉంటే ప్లగ్గు మార్చి చూడు, తర్వాత ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్. కంప్రెషన్ తక్కువొస్తే సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ కొట్టు. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులో గ్యాస్కెట్టో. ఇది నా గురువు నాటి పద్ధతే, వెంట్రుకవాసి కూడా మారలేదు. మారినదొకటి ఉంది. అప్పట్లో నడుస్తున్న ఇంజను మీద ఒక్కో ప్లగ్గు లీడు పీకి, చప్పుడు ఎక్కడ పడిపోలేదో వినేవాళ్లం. ఇప్పటి బండ్లకి అలా చెయ్యకండి. ఆ కరెంటు వేల వోల్టులు, మనిషికీ ప్రమాదం, కాయిలుకీ ప్రమాదం. దానికి బదులు ఇంజెక్టరు ప్లగ్గు విప్పి వినండి. ఇంకోటి, ఇంజను లైటు మామూలుగా వెలిగి ఉండటం వేరు, నడుస్తుండగా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే కాలని పెట్రోలు కన్వర్టర్లోకి పోయి అది ఎర్రగా కాలిపోతోందని. అప్పుడు కాలు తీసి పక్కన ఆపాలి.

పల్లెటూళ్లలో నిలబెట్టిన బండ్లకి ఎలకల గొడవ మీకు తెలిసిందే. ఒక్కసారే నాలుగైదు సంబంధం లేని కోడులు పడితే నేను సెన్సార్ల జోలికి పోను, ముందు వైర్ల కట్ట తడుముతాను, తర్వాత ఎర్త్ పట్టీ చూస్తాను. బ్యాటరీ నెగటివ్ మొన మీద ఒక కొస, ఇంజను మీద ఒక కొస పెట్టి సెల్ఫ్ కొడుతుంటే మీటరు 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ బాగోలేదు, శుభ్రం చేసి బిగిస్తే సగం కోడులు వాటంతటవే పోతాయి.

ఈమధ్య పాత బండ్లవాళ్లు పెట్రోలు గురించి కూడా అడుగుతున్నారు. 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు అన్ని బంకుల్లోనూ అదే. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, కిలోకి తొమ్మిది కిలోలు. కాబట్టి అదే తూకం నిలబెట్టాలంటే కంప్యూటరు పెట్రోలు కాస్త ఎక్కువ కలపాలి. ఇంజను ఆరోగ్యంగా ఉంటే కలుపుకుంటుంది, ఏ లైటూ రాదు. అప్పటికే ఫిల్టరు సగం మూసుకుపోయి, హద్దు దగ్గర నెట్టుకొస్తున్న పాత బండి మాత్రం ఆ కొంచెంతో హద్దు దాటి లీన్ కోడు చూపిస్తుంది. పాత రబ్బరు గొట్టాలు కూడా ఏడాదికోసారి వేలితో నొక్కి చూసుకోవాలి.

సరే, ఇక మన ఇంటి బండి సంగతి. మీ అన్నయ్య కారు మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొండికేస్తోంది, వెనక గోడకి నల్లటి మసి కొట్టింది, మైలేజీ బాగా పడిపోయిందంటున్నాడు. స్కానరు పెడితే కోడులే లేవు. కోడు లేదు కాబట్టి ఇంజెక్టర్లు సెట్టు మార్చేద్దాం అంటున్నాడు. ఆగరా అబ్బాయ్, అంత డబ్బు ఎందుకు పొయ్యడం?

మసి అంటే రిచ్. రిచ్ ఎవరు చేస్తున్నారు? నేను లైవ్ డేటా తెరిచి చూశాను. ఊళ్లో తిరిగి వచ్చిన బండి, నీళ్ల వేడి యాభై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. అంత తిరిగాక ఎనభై దాటి ఉండాలి. ఇంజను ఇంకా చల్లగానే ఉందని కంప్యూటరు నమ్ముతోంది, అందుకే చలి పొద్దున చోక్ లాగినట్టు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. మరి కోడు ఎందుకు పడలేదు? ఆ సెన్సారు వైరు తెగితే మైనస్ నలభై అని చూపిస్తుంది, అది జరగని పని కాబట్టి కంప్యూటరు వెంటనే పట్టేస్తుంది. యాభై ఎనిమిది జరగని పని కాదు. ఇంత పాత బండి కంప్యూటరు అసాధ్యాన్ని పట్టుకోగలదు, నమ్మేలా ఉన్న అబద్ధాన్ని పట్టుకోలేదు.

అయినా సెన్సారే అబద్ధం చెబుతోందని ఇప్పుడే అనను. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి, ఇంజను నిజంగానే చల్లగా నడుస్తూ ఉండొచ్చు. రెండింటిలో ఏదో తేలాలంటే బండి రాత్రంతా చల్లారాలి. తెల్లారి తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, నీళ్ల వేడి, లోపలికి పోయే గాలి వేడి రెండూ చదువుతాం. రాత్రంతా ఒకేచోట ఉన్నాయి కాబట్టి రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. తేడా ఉంటే సెన్సారు మీద అనుమానం గట్టిపడుతుంది. తర్వాత స్టార్ట్ చేసి, చిన్నోడు స్కానరు అంకెలు చదువుతుంటే, నేను రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి పెడతాను, ఫ్యానుకి దూరంగా. గొట్టం చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారి చుర్రుమంటే థర్మోస్టాట్ బాగుంది, అప్పుడూ అంకె యాభై ఎనిమిది దగ్గరే ఉంటే సెన్సారుదే తప్పు. గొట్టం మొదటినుంచీ గోరువెచ్చగా మెల్లిగా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ మార్చాలి. ఏదైనా సరే, సెన్సారు విప్పి మీటరు కూడా పెడదాం. ఇరవై డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌లు, ఎనభై దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టూ, చాలా బండ్లకి లెక్క ఇదే. గిన్నెలో నీళ్లు కాచి, అమ్మడు వంటింటి థర్మామీటరు పట్టుకుంటే సరిపోతుంది.

అందుకని ఈ రాత్రికి ఆ బండి ఎవరూ ముట్టుకోకండి. సిగరెట్టు కొట్టుకి వెళ్లొస్తానని మీ మామయ్య అడిగినా తాళం ఇవ్వొద్దు, ఒక్కసారి స్టార్ట్ చేస్తే మళ్లీ ఇంకో రాత్రి ఆగాలి. ఎండ తగలకముందే లేవాలి. చిన్నోడా, ఫోను ఛార్జింగు పెట్టుకో. అమ్మడూ, నువ్వు అంకెలన్నీ టైము వేసి రాయి, నిమిషానికోసారి.